కార్టూన్ బొమ్మలో కాఫీ కప్పు

ఆస్ట్రేలియా వచ్చిన కొత్తలో ఇక్కడి పేపర్లలో వార్తలు మనకి బాగానే అర్థమవుతాయి. కార్టూన్లు మాత్రం ఓ పట్టాన కొరుకుడు పడవు. ఇంగ్లీషు రాక కాదు, బొమ్మలో కనిపించే వస్తువుకి ఈ దేశంలో ఉన్న అర్థం తెలియక. అలాంటి వస్తువుల్లో ముందుగా చెప్పుకోవాల్సింది కాఫీ కప్పు. ఆ ఒక్క కప్పుతో మనిషి ఉండే పేట, వేసే ఓటు, కొనలేకపోతున్న ఇల్లు కూడా ఇక్కడి కార్టూనిస్టు చెప్పేయగలడు.

మన కాఫీ జోకు

తెలుగు వారపత్రికల కార్టూన్లలో కాఫీకి కొదవ లేదు. పడక్కుర్చీలో పేపరు చాటున మొగుడు, చేతిలో కప్పుతో పెళ్ళాం. పెళ్ళిచూపుల్లో వణికే ట్రే. కాఫీ తాగితేగానీ కదలని చుట్టం. కాఫీపొడి అప్పడిగే పొరుగింటావిడ. బాపు గారి తరం నుంచీ చూస్తున్న బొమ్మలే ఇవన్నీ. ఇక్కడ నవ్వంతా ఇంట్లోది. ఎవరు ఎవరికి కాఫీ ఇచ్చారు, ఎంత ప్రేమగా ఇచ్చారు, ఎన్ని నీళ్ళు కలిపారు అన్నదే అసలు సంగతి. కప్పు చుట్టరికాన్ని కొలిచే కొలపాత్ర.

టీ దేశం మారిన వైనం

ఒకప్పుడు ఆస్ట్రేలియా టీ దేశం. మెల్బోర్న్ కార్టూనిస్టు మైకేల్ ల్యూనిగ్ (1945-2024) పేరు చెప్పగానే ఇక్కడివాళ్ళకి గుర్తొచ్చే బొమ్మ 1969 నాటిది: నెత్తిమీద టీపాట్ పెట్టుకుని, పెద్ద బాతునెక్కి అస్తమించే సూర్యుడివైపు పోయే మనిషి. అది కాఫీ కప్పు అయ్యుంటే ఆ రోజుల్లో అంత ఇంటి వస్తువులా అనిపించేది కాదేమో.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన ఇటాలియన్లు, గ్రీకులు తమ కాఫీ అలవాటుని వెంట తెచ్చుకున్నారు. మెల్బోర్న్ బర్క్ స్ట్రీట్‌లో 1954లో మొదలైన పెల్లెగ్రినీస్ ఎస్ప్రెస్సో బార్ ఆ కాలానికి గుర్తు. అప్పటి చట్టం కూడా కలిసొచ్చింది. సాయంత్రం 6 గంటలకే పబ్బులు మూసేయాలన్న నిబంధన న్యూ సౌత్ వేల్స్‌లో 1955 దాకా, విక్టోరియాలో 1966 దాకా నడిచింది. పబ్బు మూసేశాక నలుగురు కూర్చుని కబుర్లాడుకోవడానికి కాఫీ బార్ పనికొచ్చింది. వలసవాళ్ళ పానీయం రెండు తరాలు తిరిగేసరికి దేశం గొప్పగా చెప్పుకునేది అయింది. 2000లో ఇక్కడికొచ్చిన స్టార్‌బక్స్ 2008లో తన 84 షాపుల్లో 61 మూసేసింది. మా వీధిచివర కాఫీ ముందు మీదెంత అన్నట్టు ఇక్కడివాళ్ళు ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

కప్పు చుట్టూ రాజకీయం

ఇక్కడే కార్టూనిస్టుకి ముడిసరుకు దొరికింది. "లాటే తాగే బాపతు" అన్న తిట్టు ఉంది. నగరం నడిబొడ్డున ఉంటూ, పేదల గురించి మాట్లాడుతూ, పేదల పేటలో అడుగుపెట్టని చదువుకున్నవాళ్ళమీద వాడతారు. అమెరికాలో 2004లో డెమోక్రటిక్ నాయకుడు హోవర్డ్ డీన్ మీద వేసిన టీవీ ప్రకటనలో కూడా పన్నులు, సుషీ, వోల్వో కారుతో పాటు లాటేని కలిపి వెక్కిరించారు. ఆస్ట్రేలియాలో అది మరీ ఇంటిపేరులా అతుక్కుంది.

సిడ్నీలో అయితే దీనికి ఏకంగా ఓ గీతే ఉంది. విమానాశ్రయం దగ్గర్నుంచి పారమట్టా మీదుగా వాయవ్యానికి పోయే ఊహాగీతని సరదాగా "లాటే లైన్" అంటారు. దానికి ఉత్తరాన, తూర్పున ఆస్తిపరులు, మంచి ఉద్యోగాలు. దక్షిణాన, పడమట దూరప్రయాణాలు, తక్కువ జీతాలు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ ఆ గీత పక్కనే ఉన్నాయి. పేరు జోకే కానీ, పిల్లల స్కూలూ ఇంటి ధరా చూసుకునేవాళ్ళకి ఆ గీత నిజం.

2016 అక్టోబరులో డెమోగ్రాఫర్ బెర్నార్డ్ సాల్ట్ ది ఆస్ట్రేలియన్ పత్రికలో ఓ వ్యంగ్య కాలమ్ రాశారు. కుర్రకారు కేఫేల్లో 22 డాలర్లు పెట్టి అవకాడో టోస్టు తింటున్నారే, ఆ డబ్బు ఇంటికి దాచుకోకూడదా అని. నడివయసువాళ్ళ సణుగుడుని ఆటపట్టించడమే తన ఉద్దేశం అన్నారాయన. చదివిన కుర్రాళ్ళు మాత్రం మండిపడ్డారు. టోస్టు మానేస్తే సిడ్నీలో ఇల్లొస్తుందా అని లెక్కలు కట్టారు. అప్పటినుంచి కేఫే బల్ల, టోస్టు, కప్పు ఇళ్ళ ధరల జోకులకి గుర్తులైపోయాయి.

కార్టూనిస్టుకి ఎందుకంత ఇష్టం?

బొమ్మ గీసేవాడి వైపునుంచి చూస్తే కారణం తేలిక. పాకెట్ కార్టూన్‌లో చోటు అరచేతిలో సగం. ది ఏజ్ పత్రికలో 1972 నుంచి వేసిన రాన్ టాండ్‌బర్గ్, మన ఈనాడులో "ఇదీ సంగతి" వేసిన శ్రీధర్ ఇద్దరూ అంత చోటులోనే దేశ రాజకీయాల్ని ఇమిడ్చారు. ఒక బల్ల, రెండు కప్పులు గీస్తే చాలు, ఇద్దరు మాట్లాడుకునే వేదిక సిద్ధం. ఇక ఆర్డర్ల సంగతి చెప్పాలా? స్కిన్నీ, సోయ్, డీకాఫ్, ఎక్స్‌ట్రా హాట్ అని చాంతాడంత ఆర్డరు, పసిపిల్లలకి వట్టి పాలనురుగుతో బేబీచీనో. ఉన్నదున్నట్టు రాసినా నవ్వొస్తుంది.

మనకి దీంతో పనేమిటి?

ఆఫీసులో "కాఫీకి వెళ్దామా" అంటే అది సగం మీటింగు అని మనకి ఈపాటికి తెలుసు. వెళ్ళనివాడికి కొన్ని కబుర్లు అందవు, కొన్నిసార్లు ప్రమోషన్ కబుర్లు కూడా. కాఫీ జోకు అర్థమైతే ఆ బల్ల దగ్గర మనకీ కుర్చీ దొరికినట్టే.

ఇంకో మాట. కౌంటర్ వెనక నిలబడి కాఫీ కలిపేవాళ్ళలో చదువుకోసం వచ్చిన మన పిల్లలూ ఉన్నారు. 2023 జూలై నుంచి వాళ్ళు చదువు రోజుల్లో రెండువారాలకి 48 గంటలే పనిచేయాలి. అద్దె, ఫీజు ఆ గంటల్లోంచే రావాలి. బల్ల దగ్గరివాళ్ళ మీద జోకులు చాలానే వచ్చాయి. కౌంటర్ వెనకనుంచి చూస్తే కనిపించే జోకులు గీయడానికి మన తెలుగు కార్టూనిస్టులకి బోలెడంత చోటుంది. ఇంట్లో మర్యాదని కాఫీతో కొలిచిన చెయ్యి మనది, ఇక్కడి మర్యాదని కూడా కొలవగలదు.

కాన్బెర్రా వెళ్ళినప్పుడు పాత పార్లమెంటు భవనంలోని మ్యూజియంలో "బిహైండ్ ది లైన్స్" రాజకీయ కార్టూన్ల ప్రదర్శన జరుగుతోందేమో కనుక్కోండి. పిల్లల్నీ తీసుకెళ్ళండి. ఏ బొమ్మలోనైనా కప్పు కనిపిస్తే, అది ఎవరి చేతిలో ఉందో వాళ్ళని అడిగి చూడండి. మనకంటే ముందు వాళ్ళే చెప్పేస్తారు.