న్యూయార్కునందొక వనసంతానము

మన పెద్దలు సప్తసంతానములలో వనమును గూడ లెక్కించిరి. తోట వేయించుటకు రాజో, ధనికుడో కావలెనని మనవారి తలంపు. నాకది సమ్మతము కాదు.

1973లో న్యూయార్కు నగరమున, బవరీ, హ్యూస్టన్ వీథులు కలియుచోట, చెత్తకుప్పయై పడియున్న స్థలమును లిజ్ క్రిస్టీ యను చిత్రకారిణియు, ఆమె మిత్రులును కూలి గోరక శుభ్రపఱచిరి. వీరు 'గ్రీన్ గెరిల్లాలు' అని యుద్ధనామము పెట్టుకొనుట నాకు వింతగా దోచినది. కంచె వేసి, మంచి మన్ను దెచ్చి పోసి, 60 మళ్లు కట్టి కూరగాయలు పెంచిరి. పిమ్మట చెట్లు నాటిరి. ఆ సీమలో శీతకాలము మంచు గప్పును. వసంతమున మరల త్రవ్వవలసినదే. ఇంత చేసినను భూమి వారిది కాదు. నగరపాలకులు పొమ్మన్నచో పోవలసినవారే. 1974లో నెలకొక డాలరు అద్దెకు అనుమతి లభించినది.

1985లో క్రిస్టీ గతించినది. మరుసటి యేట తోట కామె పేరిడిరి. నేటికిని దానిని సాకువారు స్వచ్ఛంద సేవకులే.