రంగము మేస్త్రీ మొదలుకొని టెలిగ్రాము వఱకు

ఉత్తర సర్కారుల తీరమునందలి పల్లెలలో ‘రంగము పోవుట’ యను మాట యొకప్పుడు పెండ్లి, పంట, చావు అను మాటలవలె నిత్యవ్యవహారమున నుండెను. రంగమనగా రంగూను. వానలు మొగము చాటువేసిన యేడు, అప్పు తీఱు దారి కానరాని యేడు, శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల కూలివాండ్రు కాకినాడలోనో, భీమునిపట్టణములోనో పొగయోడ యెక్కి, బంగాళాఖాతమును దాటి, రంగూను రేవులో బస్తాలు మోయుటకును, బియ్యపు మిల్లులలో పాటుపడుటకును పోయెడివారు. 1839 నాటి పెను తుపానున కోరంగి రేవు ధ్వంసమైనను, దాని పేరు మాత్రము సముద్రమున కావలి యొడ్డున నిలిచినది. బర్మాలో తెలుగువారిని ‘కోరంగీ’ లనియే పిలిచెడివారు.

వీరిని కొనిపోయినవాడు మేస్త్రీ. అతడు పరాయివాడు కాడు. పలుమార్లు అదే ప్రాంతమువాడు, అదే భాషవాడు, ఒకనాడు తానును బస్తా మోసినవాడు. అతడు కూలివాని చేతిలో కొంత బయానా పెట్టి, ఓడ టిక్కెట్టు కొని, కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనెడివాడు. అందేమి వ్రాసియున్నదో ముద్ర వేసినవానికి తెలియదు. రంగూను చేరిన పిదప కంట్రాక్టరు, అతని క్రింద పెద్ద మేస్త్రీ, అతని క్రింద చిన్న మేస్త్రీ, ఒక్కొక్కరు తమ వంతు తీసికొనగా మిగిలినదే కూలి; అందులోనుండియే బయానా బాకీయు తీఱవలెను. బయానా పుచ్చుకొని పని విడిచిన కూలివానిని న్యాయస్థానమునకీడ్చుటకు 1859 నాటి 13వ చట్టము యజమానుల చేతిలో నుండెను. ఆ చట్టమును రద్దుచేయుటకు 1925 వఱకు పట్టినది.

ప్రభుత్వము ఏమియు చేయలేదని చెప్పుట న్యాయము కాదు. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వము రద్దయిన 1834 నుండియే మారిషసు చెఱకు తోటలకు మన దేశపు కూలీలు తరలిరి. మద్రాసునుండి బయలుదేఱిన ట్రూరో యను ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాలునకు తొలి కూలీలను చేర్చెను. ఈ వలసలను గూర్చిన తొలి చట్టము 1837లోనే పుట్టి, పోవువాడు అధికారి యెదుట నిలిచి తన యొడంబడికను ఎఱుక పఱచవలెనని విధించెను. ఒడంబడిక కూలి వలస 1917లో నిలిచిపోయెను. 1922లో మఱియొక వలస చట్టము వచ్చెను. అయినను 1937 వఱకు బర్మా మన దేశములో ఒక భాగముగా ఎంచబడుటచేత, రంగము పోవువాడు చట్టము దృష్టిలో విదేశమునకు పోవువాడు కాడు. కావున ఆ రక్షణ మేస్త్రీ చేతిలో చిక్కినవానికి అందనే లేదు. మోసగాడు నిలుచు చోటు ఎల్లప్పుడును చట్టపు చూపు ఆగిపోవు చోటేయని ఈ చరిత్ర తెలుపుచున్నది.

తరువాతి కాలమున కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతములవారికి దుబాయి, కువైటు కొత్త రంగములైనవి. ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు కలిగెను: మేస్త్రీ బయానా ఇచ్చి కట్టివేయగా, గల్ఫు ఏజెంటు బయానా పుచ్చుకొని పంపెను. పొలము తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము అతని చేతిలో పోసి, పని వీసా యనుకొని విజిట్ వీసాపై విమానమెక్కి, అచట ‘ఖల్లివల్లి’యై, అనగా సరియైన పత్రములు లేనివాడై, దాగి బ్రతికినవా రెందఱో.

నేడు మేస్త్రీకి ఊరు లేదు, మొగము లేదు. వాట్సాప్‌లో ఒక సందేశము, టెలిగ్రాములో ఒక గుంపు, ప్రసిద్ధ సంస్థ ముద్రను పోలిన ఒక నియామక పత్రము, ఇవియే అతని రూపము. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు; రిజిస్ట్రేషను రుసుమో, శిక్షణ రుసుమో, లాప్‌టాప్ డిపాజిటో మాత్రము కలదు. వీడియోలకు లైకు కొట్టు పనికి మొదట కొన్ని వందల రూపాయలు నిజముగనే ఖాతాలో పడును. అది పాత బయానాయే. దానిని నమ్మి పెద్ద ‘టాస్కు’ కొఱకు తన సొమ్ము కట్టినవానికి ఆ సొమ్ము తిరిగి రాదు.

2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిన ఉదంతము నా మనస్సును మిక్కిలి కలచినది. డేటా ఎంట్రీ ఉద్యోగములని నమ్మి కంబోడియాకు పోయిన మన యువకులను అచట నిర్బంధించి, ఫోన్లలో స్వదేశీయులనే మోసగించు పని చేయించిరి. ఇట్టి చెఱలు బర్మా సరిహద్దున మ్యావడీలోను వెలసినవి. ఒకనాడు కూలివాడే మేస్త్రీ యైనట్లు, నేడు మోసపోయినవానిచేతనే మోసము చేయించుచున్నారు. ఆ తీరమే, ఆ సముద్రమే, అటువంటి బాకీయే.

కావున ఉద్యోగమునకై డబ్బడుగువానిని మొదటి మాటలోనే అనుమానింపవలెను. జీతమిచ్చువాడు పనివానియొద్ద జీతమునకు ముందే పుచ్చుకొనుట యెక్కడి వ్యాపారము? విదేశపు కొలువైనచో ఏజెంటు పేరు ఈమైగ్రేట్ జాబితాలో నున్నదో లేదో చూడవలెను. సేవారుసుము 30,000 రూపాయలును, దానిపై పన్నును మించరాదని నియమము కలదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, ఆ గడియలోనే సైబరు నేరముల సహాయమునకైన 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము ఖాతాలు మాఱి కనుమఱుగగును.

రంగము పోయిన మన తాతకు తన వ్రేలిముద్ర క్రింద ఏమున్నదో చదివి చెప్పువాడు లేడు. అతని మనుమనికి చదువు వచ్చును, చేతిలో ఫోనున్నది, అడుగుటకు మనుష్యులున్నారు. ముద్ర వేయుటకు ముందు ఒక్కనా డాగి, ఇంటిలో ఒక్కరికైన ఆ కాగితమును చదివి వినిపించినచో, తాత పొందని రక్షణలో సగము అతడు పొందినట్లే.