గుర్రం – చట్టం: సరుకు నుంచి ప్రాణి దాకా



అనకాపల్లి జిల్లాలోని రోలుగుంట, రావికమతం మండలాల్లో రోడ్డు లేని కొండ ఊళ్లున్నాయి. అక్కడ బియ్యం, సంత సామాన్లు గుర్రం వీపు మీద కొండెక్కుతాయి. ఆ గుర్రాన్ని చట్టం ఎలా చూస్తుంది? ఎవరి మేలు కోరి చూస్తుంది? ఈ ప్రశ్నలను మనసులో ఉంచుకొని ఈ భాగాన్ని చదవండి.

1. సరుకుగా గుర్రం

కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (క్రీ.శ. 1244-45) మీరు ఇదివరకే విన్నదే. తుఫానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వరాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాను నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటాననీ రాజు ప్రకటించాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఇక్కడ అభయం లభించింది వర్తకునికి. గుర్రం బంగారంతో పాటు లెక్కకెక్కిన సరుకు మాత్రమే.

2. అడవి గుర్రానికి రక్షణ

అమెరికాలో స్వేచ్ఛగా తిరిగే గుర్రాలను పట్టి మాంసానికి అమ్మేవారు. ప్రజల ఆందోళన ఫలితంగా వచ్చిన 1971 చట్టం ప్రభుత్వ భూముల్లోని ఆ గుర్రాలను పట్టడం, వేధించడం, చంపడం నేరమన్నది. అయితే 2004 సవరణ, పదేళ్లు దాటినవాటినీ, మూడుసార్లు దత్తతకు పెట్టినా ఎవరూ తీసుకోనివాటినీ అమ్మవచ్చునన్నది. రక్షణ పొందిన ప్రాణి మళ్లీ సంతకు చేరింది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గుజరాత్‌లోని రణ్ ప్రాంతపు అడవి గాడిదను మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. పెంపుడు గుర్రానికి అందులో చోటు లేదు.

3. మన కొండ గుర్రం

పెంపుడు గుర్రానికి వర్తించేది 1960 జంతుహింస నివారణ చట్టం. దాని కింద వచ్చిన 1965 నియమాల ప్రకారం పొట్టి గుర్రంపై 70 కిలోలకు మించి బరువు వేయరాదు. రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ఆకలిదప్పులతో బాధపడేలా కారణం లేకుండా దాన్ని వదిలేయడం కూడా నేరమే. ముసలిదైన గుర్రానికి ఈ మాట ముఖ్యం.

చట్టం బరువుకు హద్దు పెట్టింది. కానీ ఆ బరువు గుర్రం మీద పడడానికి కారణం రోడ్డు లేకపోవడం. ఆ లోటును యజమాని ఒక్కడే తీర్చలేడు. జంతువు పట్ల దయ, మనిషికి సౌకర్యం వేర్వేరు విషయాలు కావని ఈ ఉదాహరణ చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మోటుపల్లి శాసనం ఎవరికి అభయమిచ్చింది?
2. 1971 అమెరికా చట్టాన్ని 1965 భారత నియమాలతో పోల్చండి.