ఎముకలెన్ని? – చరకుడు, సుశ్రుతుడు, మన పాఠ్యపుస్తకం

మనిషి దేహంలో ఎముకలెన్ని అని అడిగితే బడిపిల్లవాడు తడుముకోకుండా 206 అంటాడు. చరకుని అడిగితే 360 అంటాడు. సుశ్రుతుడు 300 అంటాడు. ఈ మూడు సంఖ్యల విషయంలో రెండు తీర్పులు తరచుగా వినవస్తున్నవి. ప్రాచీనులకు లెక్క తెలియదని కొందరు తేల్చివేస్తారు. పుట్టిన బిడ్డకు సుమారు మూడువందల ఎముకలుంటాయి గనుక సుశ్రుతుడు ఆ రహస్యాన్ని ఆనాడే కనిపెట్టినాడని మరికొందరు పొంగిపోతారు. మిత్రులారా, ఈ రెండు తీర్పులూ మూలగ్రంథం తెరవకుండా చెప్పినవే. తెరచి చూస్తే అంతకంటె ఆసక్తికరమైన సంగతి ఒకటి కనబడుతుంది.

ముందుగా 360 సంగతి. ఈ సంఖ్య వైద్యులకంటె పాతది. శతపథబ్రాహ్మణం యజ్ఞవేదికను సంవత్సరంతోను, మానవదేహంతోను పోల్చుతూ, ఏడాదికి 360 దినాలున్నట్లే మనిషికి 360 ఎముకలున్నవని చెబుతుంది. యాజ్ఞవల్క్యస్మృతిలోను ఇదే సంఖ్య. చరకసంహిత శారీరస్థానం ఏడవ అధ్యాయంలో అదే 360 వచ్చినది. అయితే చరకుడు సంఖ్య చెప్పి ఊరుకోలేదు. దంతాలతోను, గోళ్ళతోను కలిపి అని స్పష్టంగా చెప్పి, ఒక్కొక్కదానిని వరుసగా ఏకరువు పెట్టినాడు. దంతాలు 32, అవి కుదురుకొనే గుంటలు 32, గోళ్ళు 20. ఇవి మూడూ కలిసి 84. నేటి శాస్త్రం వీటిలో దేనినీ ప్రత్యేకమైన ఎముకగా లెక్కించదు. వీటిని తీసివేస్తే 276 మిగులుతాయి. పక్కటెముకలు 24 అని సరిగానే చెప్పి, అవి వెన్నుకు ఆనే చోట్లను 24గాను, అక్కడి బుడిపెలను మరొక 24గాను విడివిడిగా లెక్కించినాడు. ఆ 48ని కూడా తీసివేస్తే 228. ఇక 206కు ఉన్న దూరం 22 మాత్రమే.

ఈ మిగిలినది కూడా అంతా మాటల తేడాయే అని నేను అనను. వీపున 45 ఎముకలన్నాడు చరకుడు. వెన్నుపూసకు ఉన్న కొమ్ములను వేరువేరుగా లెక్కిస్తే తప్ప అన్ని రావు. కాని ఒక మాట తేలుతున్నది. ఎముకలెన్ని అన్న ప్రశ్నకు ముందు ఎముక అంటే ఏది, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్న ప్రశ్నలున్నవి. వాటికి సమాధానం మారితే సంఖ్య మారుతుంది.

ఇప్పుడు సుశ్రుతుడు. శారీరస్థానం ఐదవ అధ్యాయంలో ఆయన, వేదవాదులు 360 అంటారు, శల్యతంత్రంలో మాత్రం 300 అని నిర్మొహమాటంగా తేడా చూపినాడు. ఆ రోజులలో శ్రుతివాక్యం నుండి ఇంత తిన్నగా విడివడి మాట్లాడడం చిన్న విషయం కాదు. ఆయన పంపకం ఇది: కాళ్ళు చేతులలో 120, మొండెంలో 117, మెడనుండి పైకి 63. గోళ్ళు ఈ లెక్కలో లేవు. దంతాలు మాత్రం 32 ఉన్నవి. శిశువుల ఎముకల సిద్ధాంతం ఇక్కడే కూలిపోతుంది. ముప్పదిరెండు పళ్ళతో బిడ్డ ఎక్కడా పుట్టదు గదా!

కాళ్ళు చేతుల లెక్క మరింత చిత్రమైనది. ఒక్కొక్క కాలికి 30 అన్నాడు సుశ్రుతుడు. వేళ్ళలో మూడేసి చొప్పున 15, అరికాలు, కూర్చం, చీలమండలలో కలిపి 10, మడమ 1, పిక్కలో 2, మోకాలు 1, తొడ 1. చేతులకూ ఇదే లెక్క. నేటి శాస్త్రం ప్రకారం కూడా తుంటినుండి క్రిందికి ఒక్కొక్క కాలిలో 30, భుజంనుండి క్రిందికి ఒక్కొక్క చేతిలో 30. మొత్తం 120! ఇది చూసి చంకలు కొట్టుకోవడం తేలిక. కాని విడమరచి చూడండి. బొటనవ్రేలికి రెండే కణుపులు గనుక వేళ్ళ ఎముకలు 14 కావాలి, 15 కాదు. మడమతో కలిపి మిగిలిన పాదంలో 12 ఉండాలి, ఆయన చెప్పినవి 11. ఒకచోట ఒకటి పెరిగి, మరొకచోట ఒకటి తగ్గి, మొత్తం సమానమైనది. ఇక చేతికి మడమా లేదు, మోకాటిచిప్ప వంటి చిప్పా లేదు. కాలి పట్టికనే చేతికి అప్పగించినందువల్ల అవి కూడా వచ్చి చేరినవి. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు విడిగా కనబడవు. లెక్కల మాస్టరు జవాబు ఒక్కటే చూసి మార్కులు వేయడు, చేసిన విధానం చూస్తాడు. ఇక్కడా అదే న్యాయం. మొత్తం కుదిరినంత మాత్రాన చూపు కుదిరినదనరాదు.

అయితే సుశ్రుతుని గొప్పతనం ఎక్కడున్నది? నా దృష్టిలో రెండు చోట్ల ఉన్నది.

మొదటిది వర్గీకరణ. ఎముకలను ఆయన ఐదు విధాలుగా విభజించినాడు. పెంకు వలె పలచగా, వెడల్పుగా ఉండేవి కపాలాలు: తల, కణత, భుజపు రెక్క, పిరుదు, మోకాటిచిప్ప మొదలైనవి. దంతాలు రుచకాలు. ముక్కు, చెవి వంటి చోట్ల మెత్తగా ఉండేవి తరుణాలు. నేటి వారు మృదులాస్థి అనేది ఇదే. పక్కల, వీపున, రొమ్మున వంపు తిరిగినవి వలయాలు. మిగిలినవి గొట్టం వంటి నలకాలు. నేటి వైద్యవిద్యార్థి చదివేది పొడుగు, పొట్టి, బల్లపరుపు, క్రమరహితం, స్నాయువులలో పుట్టే గింజ ఎముకలు అనే ఐదు. నలకానికి పొడుగు ఎముక, కపాలానికి బల్లపరుపు ఎముక జతపడతాయి. మిగిలినవి జతపడవు, పడనక్కరలేదు కూడా. ఎందుకంటే సుశ్రుతుడు విభజించినది చికిత్స కొరకు. నిదానస్థానంలో ఎముకలు విరిగే తీరును చెబుతూ, తరుణాలు వంగుతాయని, నలకాలు విరుగుతాయని, కపాలాలు పగులుతాయని, రుచకాలు చిట్లుతాయని ఆయన వివరించినాడు. చెట్టుమీదనుండి పడిన మనిషిని ఎదుట పెట్టుకొని కట్టు కట్టవలసిన వైద్యుడు చేసిన విభజన ఇది. పళ్ళు ఈ పట్టికలోకి ఎందుకు వచ్చినవో కూడా ఇందువల్లనే బోధపడుతుంది. ఊడిన పన్నూ, విరిగిన దవడా ఆ వైద్యుని వద్దకే వస్తాయి గదా.

రెండవది, అంతకంటె పెద్దది, చూచి తెలుసుకొమ్మన్న ఆదేశం. అవయవాలన్నీ చక్కగా ఉన్న శవాన్ని తీసుకోవాలి. విషంవల్ల చనిపోయినది, దీర్ఘరోగంతో కృశించినది, నూరేండ్ల వృద్ధునిది కాకూడదు. ప్రేగులలోని మలాన్ని తొలగించి, ముంజగడ్డి, నార, దర్భ, జనుము వంటి వానితో చుట్టి, పంజరంలో ఉంచి, ఏకాంతప్రదేశంలో పారే ఏటిలో కుళ్ళనివ్వాలి. ఏడు రాత్రుల తరువాత పైకి తీసి, వట్టివేళ్ళు, వెంట్రుకలు, వెదురు మొదలైన వానితో చేసిన కుంచెలతో మెల్లమెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని లోపలి వరకు ప్రతిదీ కన్నులారా చూడాలి. కంటితో చూచినదీ, శాస్త్రంలో చదివినదీ కలిసినప్పుడే జ్ఞానం పెరుగుతుందని ఆయన నిర్ణయం. శవస్పర్శ మైల అని నమ్మిన సమాజంలో చెప్పిన మాట ఇది.

ఆ పంజరాన్ని మళ్ళీ ఏటిలోకి దించిన శిష్యులెందరు? వాగ్భటుడు అష్టాంగహృదయంలో దంతనఖాలతో కలిపి 360 అని చెప్పి, ధన్వంతరి మతంలో 300 అని మరొక మాట చేర్చి ముందుకు సాగినాడు. రెండు లెక్కలకు తేడా ఎందుకు వచ్చినదో ఎముకలను ఎదుట పెట్టుకొని తేల్చలేదు. సంఖ్య కంఠస్థమైనది, పద్ధతి మరుగున పడినది.

ఇది మన ఒక్కరి కథ అనుకోనక్కరలేదు. రోమను సామ్రాజ్యంలో రెండవ శతాబ్దపు మహావైద్యుడు గాలెన్ కోతులను, పశువులను కోసి మనిషి శరీరాన్ని వర్ణించినాడు. క్రింది దవడ రెండెముకల కలయిక అన్నాడు. ఆ మాట వెయ్యేళ్ళకు పైగా శాసనమై నిలిచినది. 1200 ప్రాంతంలో ఈజిప్టులో ఘోరమైన కరవు వచ్చినప్పుడు బాగ్దాదు పండితుడు అబ్దుల్ లతీఫ్ అక్కడ గుట్టలుగా పడి ఉన్న మానవాస్థులను పరిశీలించినాడు. ఎన్ని దవడలు చూసినా ఒక్కదానిలోను అతుకు కనబడలేదు. గాలెన్ ఎంత గొప్పవాడైనా కన్ను చెప్పే సాక్ష్యం ఆయన మాటకంటె నమ్మదగినదని వ్రాసినాడు. ఆ మాట ఐరోపాకు అప్పుడు చేరలేదు. 1543లో బాసెల్ నగరంలో అచ్చయిన గ్రంథంలో ఇరవై ఎనిమిదేండ్ల వెసాలియస్ మళ్ళీ అదే చెప్పవలసి వచ్చినది. చిత్రమేమంటే, చరకుని పట్టికలో దవడ ఎముక ఒక్కటే!

గాలెన్‌కు కూడా పాక్షికంగా న్యాయం చేయాలి. పుట్టిన బిడ్డ దవడ నిజంగానే రెండు ముక్కలు. అవి మొదటి ఏడాదిలో అతుక్కుంటాయి. ఇక్కడ ఎముక పుట్టుక సంగతి వస్తుంది. గర్భంలో అస్థిపంజరం చాలావరకు మెత్తని మృదులాస్థి అచ్చుగా ఏర్పడి, తరువాత సున్నం పట్టి గట్టిపడుతుంది. పుర్రె పైభాగపు ఎముకలు మాత్రం పొరనుండి నేరుగా ఏర్పడతాయి. మెడ క్రింది జత్రుక అందరికంటె ముందు, గర్భంలోని ఐదారు వారాలకే గట్టిపడ నారంభించి, ఇరవై ఏండ్లు దాటిన తరువాత గాని పూర్తికాదు. తుంటిలో మూడు కలిసి ఒకటవుతాయి, వెన్ను చివర త్రికంలో ఐదు కలిసి ఒకటవుతాయి. కనుక 206 అన్నది కూడా పెరుగుదల పూర్తయిన మనిషికి కుదిరే సగటు లెక్క. కొందరికి ఒక పక్కటెముక అధికంగా ఉంటుంది, కొందరికి వెన్నులో ఒక పూస తేడాగా ఉంటుంది.

జత్రుక అన్న మాట వచ్చినది గనుక భాషాభిమానులకు ఒక సంగతి. మన పాఠ్యపుస్తకాలలో అది మెడ క్రింది అడ్డుకమ్మి వంటి ఎముక. చరకుని పట్టికలో ఆ ఎముకకు పేరు అక్షకం, అవి రెండు. జత్రువు వేరుగా ఒక్కటే ఉన్నది. రెండూ ఒకే పట్టికలో విడివిడిగా ఉండగా రెండూ ఒకటే ఎట్లా అవుతాయి? ఈ చిక్కుముడిని పట్టుకొన్నవాడు రుడాల్ఫ్ హోర్న్లే. 1841లో ఆగ్రా సమీపంలోని సికందరాలో పుట్టిన ఈ పండితుడు 1907లో ప్రాచీన భారతీయుల అస్థిశాస్త్రంపై ఒక గ్రంథం ప్రకటించినాడు. వ్రాతప్రతులను పోల్చి, లేఖకుల చేతిలో పట్టికలు ఎక్కడెక్కడ చెడినవో వెదకి, జత్రువు మొదట కంఠనాళాన్ని సూచించినదని వాదించినాడు. ఎముకను చూడడం మానివేసిన వ్యాఖ్యాతల చేతిలో పదం మెడ దిగి భుజం మీదికి జరిగినది.

1836లో కలకత్తా వైద్యకళాశాలలో మధుసూదన గుప్త శవచ్ఛేదం చేసినాడు. ఆధునిక వైద్యశాలలో భారతీయులు చేసిన తొలి శవపరీక్షగా దానిని చెప్పుకొంటారు. ఆయన ఆయుర్వేద పండితుడు, సంస్కృత కళాశాలలో బోధించినవాడు, సుశ్రుతసంహితను అచ్చువేయించడంలో పాలుపంచుకొన్నవాడు. కత్తి పట్టిన ఆ రోజున ఆయన శాస్త్రాన్ని ధిక్కరించినాడని చుట్టూ ఉన్నవారు అనుకొని ఉండవచ్చు. శారీరస్థానం ఐదవ అధ్యాయం చదివినవారికి మాత్రం ఆయన చేసినది గురువాజ్ఞ.

300 సరియా, 206 సరియా అని పోట్లాడుకొనే మిత్రులకు నా విన్నపం ఇదే. సుశ్రుతునిపై గౌరవముంటే ఆయన సంఖ్యను సమర్థించడానికి శ్రమపడనక్కరలేదు. ఆయన చూడమన్నాడు, చూస్తే చాలు. అధ్యాయం తెరచి, పట్టికను వరుసగా వ్రాసుకొని, మీ చేతివేళ్ళ కణుపులు తడిమి లెక్కపెట్టుకొని రండి. బొటనవ్రేలి దగ్గర ఏమి తేలినదో వ్యాఖ్యలలో చెప్పండి. మర్మస్థానాలు 107 అన్న లెక్క కథ మరొక టపాలో.