గుత్త కాగితం వెనుక కథ



సరిహద్దు ఊళ్ళలో ఉండే మనకు కొన్ని మాటలు ఏ భాషవో తేల్చి చెప్పడం కష్టం. 'గుత్త' అటువంటి మాట. తెలుగులో గుత్త, కన్నడంలో గుత్తిగె, తమిళంలో కుత్తగై. చెరువు చేపల గుత్త, తోట కాపు గుత్త మనందరికీ తెలిసినవే. సర్కారు పని పట్టేవాణ్ణి గుత్తేదారు అంటాం. ఆ మాట వినగానే మనకు లారీలు, సిమెంటు, పెద్ద పెద్ద మనుషులు గుర్తుకొస్తారు. కానీ సర్కారుకు బకెట్లు కావాలి, చీపుళ్ళు కావాలి, రేకు పెట్టెలు కావాలి. వాటిని చేసేది చిన్నవాళ్ళే కదా! మరి ఆ చిన్నవాడికి సర్కారు ఎప్పటినుంచి తలుపు తెరిచింది? ఈ పూట ఆ చరిత్ర కొంచెం చెప్పుకుందాం.

మా వీధిలో రేకు పెట్టెలు చేసే పెద్దాయన ఒకరున్నారు. నేను మామా అని పిలుస్తాను. సుమారు పదేళ్ళ కిందట ఒకరోజు సాయంత్రం ఆయన కన్నడ పత్రిక ముక్క పట్టుకొని వచ్చి, "అయ్యవారూ, ఈ కాయితం రవ్వంత చదివి చెప్పండి" అన్నారు. ఒక హాస్టలుకు పెట్టెలు కావాలన్న టెండరు ప్రకటన అది. చదివి తెలుగులో చెప్పాను. అప్పు చేసి ధరావతు కట్టారు, పని దక్కింది, పెట్టెలు అందించారు. బిల్లు మాత్రం ఏడాదికి గానీ రాలేదు. ఈలోగా వడ్డీ కట్టలేక రేకు కోసే యంత్రం అమ్ముకున్నారు. ఆ కథను అక్కడే ఆపి, కాస్త వెనక్కి వెళదాం.

ఇంగ్లీషువాళ్ళ కాలంలో మన దేశంలోని సర్కారు కచేరీలకు, రైళ్ళకు కావలసిన సామానులో పెద్ద భాగం లండనులోనే కొనేవారు. ఇక్కడి కమ్మరికి, కంచరికి ఆ బేరం సంగతే తెలిసేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడల రాకపోకలు దెబ్బతిన్నాయి, సామాను రావడం కష్టమైంది. అప్పుడు గానీ దొరలకు ఇక్కడి కార్ఖానాలు కనబడలేదు. 1916లో థామస్ హాలండ్ అధ్యక్షతన పారిశ్రామిక కమిషన్ ఏర్పడింది. సర్కారు సామాను కొనుగోలు ఈ దేశంలోనే జరగాలని 1918లో ఇచ్చిన నివేదికలో చెప్పింది. 1922లో ఇండియన్ స్టోర్స్ డిపార్టుమెంటు ఏర్పడింది. స్వాతంత్ర్యం తరువాత కేంద్ర కొనుగోళ్ళు చూసిన డి.జి.ఎస్.అండ్.డి. సంస్థకు మూలం అదే. ఆ సంస్థను 2017లో మూసివేశారు.

అయితే దేశంలో కొనడం వేరు, చిన్నవాడి దగ్గర కొనడం వేరు. ఆ రెండో సంగతికి నాంది 1955. ఆ ఏడాది జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ పుట్టింది. సర్కారు ఆర్డర్లలో చిన్న కార్ఖానాలకు వాటా ఇప్పించడం దాని పనుల్లో ఒకటి. ఈ సంస్థలో పేరు నమోదైనవారికి టెండరు ఫారాలు ఉచితం, ధరావతు కట్టనక్కరలేదు. ఆ తరువాత కొన్ని వస్తువులను చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలని కేంద్రం నియమం పెట్టింది. ఆ జాబితాలో 358 వస్తువులు ఉన్నాయి. బకెట్లు, చీపుళ్ళు, ముళ్ళతీగ, చెప్పులు, రేకు పెట్టెలు అన్నీ అందులో ఉన్నాయి.

పని దొరికితే సరిపోదు, డబ్బు చేతికి రావాలి. ఆలస్యమైన బాకీలపై వడ్డీ ఇవ్వాలని 1993లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం వచ్చింది. దీని ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు సొమ్ము 45 రోజుల లోపల ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. సరుకు అందాక 15 రోజుల్లో కాగితం మీద అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఫిర్యాదు వినడానికి రాష్ట్రాల్లో ప్రత్యేక మండళ్ళు ఉన్నాయి.

2012లో కేంద్రం మరో ఉత్తర్వు ఇచ్చింది. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్ళలో ఐదో వంతు ఇటువంటి పరిశ్రమల నుంచి కొనాలి. 2018లో దాన్ని నాలుగో వంతుకు పెంచారు. అందులో నూటికి 4 షెడ్యూల్డు కులాలు, తెగలవారి పరిశ్రమలకు, 3 మహిళల పరిశ్రమలకు. ఇంకొక మంచి ఏర్పాటు వినండి. పెద్ద కంపెనీ బకెట్టు నూరు రూపాయలకు ఇస్తానంది, మీరు నూట పన్నెండు వేశారు అనుకోండి. తేడా నూటికి 15 లోపలే గనుక, మీరూ నూరుకే ఇస్తానంటే ఆ ఆర్డరులో వాటా మీకు రావాలి.

ఈ ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వాలకు వర్తించదు. గీత ఇటువైపు ఒక పద్ధతి, అటువైపు ఒక పద్ధతి. టెండర్లు బాహాటంగా జరగాలని తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో చట్టాలు చేశాయి. అన్యాయం జరిగిందనుకుంటే అప్పీలు చేసుకునే హక్కు ఆ రెండు చట్టాల్లోనూ ఉంది. అందుచేత ఏ రాష్ట్రం కచేరీకి సరుకు ఇస్తున్నారో ఆ రాష్ట్రం నియమాలు అడిగి తెలుసుకోవాలి. 45 రోజుల చట్టం మాత్రం దేశమంతటికీ ఒక్కటే. కొనేది రాష్ట్ర కచేరీ అయినా వర్తిస్తుంది.

ఇప్పుడు మామ దగ్గరికి వద్దాం. ఆయన పెట్టెలు అందించిన నాటికి ఆ చట్టం ఉండనే ఉంది. కానీ కార్ఖానా ఎక్కడా నమోదు కాలేదు. సరుకు అందినట్టు ముద్ర వేసిన రసీదు లేదు. ప్రకటన చదివి చెప్పిన నాకూ ఆ చట్టం సంగతి తెలియదు. రెండు భాషలు వచ్చి ఏం లాభం, చెప్పవలసింది చెప్పలేనప్పుడు? ఆ బాధే నన్ను ఇవన్నీ చదివించింది.

శ్రోతలారా, 2016 నుంచి సర్కారు కొనుగోళ్ళకు 'జెమ్' అనే అంగడి కంప్యూటరులోనే నడుస్తోంది. 2020 నుంచి 'ఉద్యమ్' పేరుతో జరుగుతున్న నమోదుకు రుసుము లేదు. కొని అమ్మే వ్యాపారులకు పైన చెప్పిన కొనుగోలు వాటా లేదు. వస్తువు తయారుచేసేవారికీ, సేవలు అందించేవారికీ ఉంది. నమోదు మాత్రం పని ఒప్పుకోకముందే చేయించుకోండి. ఒప్పుకున్న తరువాత చేయించుకున్నది చెల్లుతుందా లేదా అన్నది కోర్టులకెక్కిన వివాదం. సరుకు దించిన రోజే తేదీతో, ముద్రతో రసీదు తీసుకోండి.

మామకు ఇప్పుడు చూపు తగ్గింది, కొడుకు పని చూసుకుంటున్నాడు. నిరుడు నమోదు చేయించాం. మొన్న ఆ అబ్బాయి ఒక టెండరు కాగితం తెచ్చాడు. ఈసారి ధరకంటే ముందు, డబ్బు ఎన్నాళ్ళకిస్తారో రాసిన చోటు వెతికి చదివాను. మీ ఇంట్లోనూ, మీ వీధిలోనూ చదువుకున్నవాళ్ళు ఉంటారు. అటువంటి కాగితం ఎవరైనా తెస్తే తీరిక లేదనకండి. కూర్చోబెట్టి చివరి గీత దాకా చదివి చెప్పండి.

సెలవు.