పాత చొక్కా ఎవరిది?

పల్నాడులో పాలేరు జీతం లెక్కలో గింజలు, చెప్పుల జతతో పాటు ఆసామి విడిచిన పంచె, చొక్కా కూడా ఉండేవి. చాలామంది దీన్ని ఆసామి దయ కింద రాశారు. మేమలా చదవలేం. కూలీలో కోసుకున్నదే పాతబట్టై తిరిగొచ్చింది. పైగా ఆ చొక్కా ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు. తొడుక్కున్నన్నాళ్లూ వాడు ఆ ఇంటివాడే.

దీనికి శాస్త్రం తోడుంది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుణ్ణి శవాల మీది గుడ్డలు కట్టమంటుంది. ఊడిగం చేసే శూద్రుడికి ఎంగిలికూడు, పాతబట్టలు ఇమ్మంటుంది. 1927లో మహద్‌లో అంబేద్కర్ ఆడవాళ్లను చీరకట్టు మార్చమన్నది ఊరికే కాదు. కట్టు చూసి కులం పోల్చే వీలుండకూడదని.

పాతబట్టలో తప్పులేదు, అది చేతికొచ్చే దారిలో ఉంది. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టరు ధనికుల ఇళ్లలో పాత సామాను పోగుచేసి, పేదలకే కూలిచ్చి బాగుచేయించి, చవగ్గా అమ్మించాడు. గుడ్‌విల్ దుకాణాలు అలా మొదలయ్యాయి. అక్కడ కొన్నవాడు ఎవరికీ దణ్ణం పెట్టనక్కర్లేదు.

మన నరసరావుపేట, మాచర్ల వైపు పాతబట్టకి స్టీలు గిన్నె వస్తుంది, అదీ ఇచ్చే ఇంటికి! మాదిగపల్లెకి మాత్రం పంపిణీ వస్తుంది, వెంట ఫొటో. సైజు చూసుకునేదెక్కడ? నచ్చలేదంటే పొగరంటారు. ఆ మూటలే ఒక కొట్లో పెట్టి, ధరచీటీ కట్టి, గోడకో అద్దం తగిలించమంటున్నాం. బేరం మేమాడుకుంటాం.