'మనోడు' 'మీవోడు' అయిన రోజు

మా ఊరు ఆత్మకూరు. ఆ పేరు చెప్పగానే నెల్లూరు ఆత్మకూరా, అనంతపురం ఆత్మకూరా అని అడగడం తెలుగువారికి అలవాటు. మాది నల్లమల అంచున, శ్రీశైలం అడవికి వాకిలి వంటి ఆత్మకూరు. చిరకాలం కర్నూలు జిల్లా, 2022 నుండి నంద్యాల జిల్లా. మా ఊరికీ అంతర్జాతీయ క్రికెట్టుకూ ఉన్న సంబంధమల్లా మొదట ట్రాన్సిస్టరు, ఆ తరువాత దూరదర్శన్. అయినా 2000వ సంవత్సరంలో దేశమంతటా జరిగినట్లే మా బజారులోనూ ఒక విచారణ జరిగింది. సాక్షులు లేకుండానే సాగి, ఒక్క పూటలో తీర్పు వెలువడింది. ముద్దాయి మహమ్మద్ అజహరుద్దీన్. అసలు న్యాయస్థానం అదే వ్యవహారంపై తుది మాట చెప్పడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఈ రెండు తీర్పుల నడుమ జరిగినదే ఈ టపాకు విషయం.

ఈ తరం చదువరుల కోసం కొంత పూర్వకథ చెప్పాలి. 1963లో హైదరాబాదులో పుట్టిన అజహర్, 1984 డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఇంగ్లండుపై తొలి టెస్టు ఆడాడు. ఆ టెస్టులో 110, తరువాతి మద్రాసు టెస్టులో 105, ఆపై కాన్పూరులో 122 పరుగులు చేశాడు. ఆడిన మొదటి మూడు టెస్టులలోనూ శతకం చేసినవాడు అంతకు ముందు ప్రపంచంలో లేడు. ఆఫ్ స్టంపు అవతల పడిన బంతిని మణికట్టు తిప్పి లెగ్ వైపు పంపడం అతడి ప్రత్యేకత. ఎత్తి నిలిపిన కాలరు, మెడలో ఊగే తాయెత్తు, తలవంచుకుని నడిచే తీరు మా మైదానంలో ప్రతి కుర్రవాడూ అనుకరించినవే. 1990లో కెప్టెన్ అయి, 1992, 1996, 1999 ప్రపంచ కప్పులలో జట్టును నడిపాడు. హైదరాబాదు అప్పుడు మన రాజధాని. అందుచేత రాయలసీమలో మారుమూల ఉన్న మాకు కూడా అతడు 'మనోడు'. "మనోడు ఎంత కొట్టినాడు?" అంటే పేరు అడగవలసిన పని ఉండేది కాదు.

2000 మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికాతో ఆడిన టెస్టు అజహర్‌కు తొంభై తొమ్మిదవది. భారత్ ఇన్నింగ్స్ తేడాతో ఓడింది గాని, రెండవ ఇన్నింగ్స్‌లో అతడు 102 పరుగులు చేశాడు. తొలి టెస్టులోనూ శతకం, చివరి టెస్టులోనూ శతకం. అది చివరిది కాబోతున్నదని ఆ రోజు ఎవరికీ తెలియదు.

నెల తిరిగేసరికి, ఏప్రిల్ 7న, దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే పందెంరాయుడు సంజీవ్ చావ్లాతో మాట్లాడిన ఫోను సంభాషణలు తమ వద్ద ఉన్నాయని ఢిల్లీ పోలీసులు ప్రకటించారు. మొదట కాదన్న క్రోనే నాలుగు రోజులలో తప్పు ఒప్పుకున్నాడు. జూన్‌లో కేప్‌టౌన్‌లో జస్టిస్ కింగ్ కమిషన్ ఎదుట, 1996లో కాన్పూరులో తనకు ముకేశ్ గుప్తా అనే బుకీని పరిచయం చేసింది అజహరుద్దీనేనని వాంగ్మూలమిచ్చాడు. నవంబరు మొదట్లో సి.బి.ఐ. నివేదిక బయటికి వచ్చింది. అజహర్ బుకీల నుండి డబ్బు తీసుకున్నాడనీ, విచారణలో కొంత ఒప్పుకున్నాడనీ అందులో ఉంది. తాను నిర్దోషినని అజహర్ వాదించాడు. దానిపై క్రికెట్ బోర్డు కె. మాధవన్ చేత మరొక విచారణ జరిపించి, డిసెంబరు 5న అజహరుద్దీన్‌కూ, అజయ్ శర్మకూ జీవితకాల నిషేధం, అజయ్ జడేజాకూ, మనోజ్ ప్రభాకర్‌కూ ఐదేళ్ళ నిషేధం విధించింది.

ఇక మా ఊరి సంగతి. బస్టాండుకు పోయే దారిలో ఒక దర్జీ అంగడి ఉండేది. మ్యాచి ఉన్న రోజు అక్కడ చేరడం మా అలవాటు. మిషను పక్కనున్న రేడియో ఆయనది, శ్రోతలం మేము. గోడకు ఏదో పత్రిక నుండి కత్తిరించిన అజహర్ బొమ్మ ఉండేది. ఆయన ముస్లిం. ఆ బొమ్మ అక్కడ ఉండడానికి కారణం అదేనని అంతవరకూ మాలో ఎవరమూ అనుకోలేదు. మా ఇళ్ళలోనూ అవే బొమ్మలు ఉండేవి మరి.

నివేదిక వార్త పేపర్లలో వచ్చిన ఉదయం మేము నలుగురైదుగురం అంగడికి వెళ్ళాము. ఎవరో ఒకరు అనవలసిన మాట, అన్నది నేనే. "ఏమి భాయ్, మీవోడు ఇట్ల జేసినాడే?"

ఆయన కత్తెర ఆపి నా వంక చూసి, మళ్ళీ గుడ్డ కత్తిరించడంలో పడ్డాడు. తక్కినవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

నిన్నటి దాకా 'మనోడు'. ఆ ఉదయం 'మీవోడు'. దేశం మొత్తం మీద ఆ రోజు వెలువడిన తీర్పు సారమంతా ఈ రెండు మాటల తేడాలోనే ఉన్నదని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ పట్టికలోనే శర్మ, జడేజా, ప్రభాకర్ ఉన్నారు. వారి తరఫున సంజాయిషీ చెప్పమని మా ఊరిలో ఏ అంగడివాణ్ణీ ఎవరూ నిలదీయలేదు. మైనారిటీ వర్గంవాణ్ణి గనుకనే తనను లక్ష్యంగా చేసుకున్నారని ఒక సందర్భంలో అన్న అజహర్, దుమారం రేగాక ఆ మాటకు విచారం ప్రకటించాడు. అతడు అలా అనడం తప్పే కావచ్చు. కానీ అతడి చేతలకు ఎవరో ఒక దర్జీ జవాబు చెప్పాలనుకున్న మా తప్పు సంగతి?

అభిమాని కోపం రెండు విధాలు. ఓటమి వలన వచ్చే కోపం ఒకటి. 1996 మార్చి 13న ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో భారత్ ఎనిమిది వికెట్లకు 120 పరుగుల వద్ద ఉండగా ప్రేక్షకులు సీసాలు విసిరి, స్టాండులలో మంటలు పెట్టారు. రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆట ఆపి శ్రీలంకకు గెలుపు ఇచ్చేశాడు. ఆ కోపం భీకరమే గాని ఆయుష్షు తక్కువ. మరుసటి సిరీస్ నాటికి చల్లారింది. మోసపోయామన్న కోపం వేరు. అది వెనక్కి నడుస్తుంది. 2000లో మేము చేసిన పని అదే. పాత ఆటలన్నీ తవ్వి తీశాము. ఆ సెమీఫైనల్‌లో టాస్ గెలిచి ఫీల్డింగ్ ఎందుకు ఎంచుకున్నాడు? ఫలానా చోట ఎందుకు రనౌట్ అయ్యాడు? లక్ష్యఛేదనలో శ్రీలంక అప్పట్లో ఎంత బలమైన జట్టో అందరికీ తెలుసు. ఆ నిర్ణయం వెనుక నేరముందని ఏ విచారణా తేల్చలేదు. అయినా అనుమానం మొదలయ్యాక ఆటలో సహజమైన పొరపాటుకు చోటు మిగలలేదు. మేము పోగొట్టుకున్నది ఒక ఆటగాణ్ణి మాత్రమే కాదు, పదహారేళ్ళ మా సొంత జ్ఞాపకాలను.

మరి చట్టం ఏమన్నది? ఆశ్చర్యకరమైన సంగతి ఏమిటంటే, ఈ వ్యవహారంలో అజహర్‌పై క్రిమినల్ విచారణ అంటూ జరగనేలేదు. మ్యాచ్ ఫిక్సింగ్‌ను నేరంగా పేర్కొనే ప్రత్యేక చట్టం అప్పుడు లేదు. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలు న్యాయస్థానంలో ముద్దాయికి వ్యతిరేకంగా చెల్లదు. ఉన్న చట్టాలతో శిక్ష పడేలా చేయడం కష్టమని సి.బి.ఐ. తానే భావించింది. ఈ చిక్కు ఆ తరువాతా విడిపోలేదు. కర్ణాటక ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ళ కేసులో 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు, మ్యాచ్ ఫిక్సింగ్ శిక్షాస్మృతి 420వ సెక్షను కింద మోసం కాదని తేల్చింది. ప్రేక్షకుడికి తాను మోసపోయానని అనిపించవచ్చు గాని, టిక్కెట్టు అతడు ఇష్టపడి కొన్నదే గనుక ఆ బాధ నేరం కాజాలదని ఆ తీర్పు సారాంశం. అభిమాని గుండెకోతకు చట్టంలో సెక్షను లేదన్నమాట. అందుకే కాబోలు, అభిమాని తన సెక్షన్లు తానే రాసుకుంటాడు.

కనుక అజహర్ పోరాటం బోర్డుతో. నిషేధాన్ని సవాలు చేస్తూ హైదరాబాదు నగర సివిల్ కోర్టుకు వెళ్ళాడు. అక్కడ ఓడి హైకోర్టుకు వెళ్ళాడు. 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆ నిషేధం చట్టం ముందు నిలవదని కొట్టివేసింది. అప్పటికి అతడి వయస్సు నలభై తొమ్మిది. నూరవ టెస్టు ఆడించే అధికారం ఏ ధర్మాసనానికీ లేదు. టెస్టులు తొంభై తొమ్మిది, పరుగులు 6215, శతకాలు ఇరవై రెండు. ఆ లెక్క అక్కడే నిలిచిపోయింది.

క్రీడాసంఘం వేసిన వేటుపై ఆటగాడు కోర్టుకెక్కడం మనతో మొదలైనది కాదు. అమెరికాలో జాక్ మోలినాస్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టులో ఆడుతూ, తన జట్టు మీదనే పందేలు కాశాడని 1954లో ఎన్.బి.ఏ. అతడిని ఆట నుండి వెలివేసింది. తన జట్టు గెలుస్తుందనే పందెం కాశానని అతడి వాదన. లీగు మీద దావా వేశాడు. 1961లో న్యూయార్కు ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి ఇర్వింగ్ కౌఫ్‌మన్ దావా కొట్టివేశారు. పందేల నీడ పడితే ఆటపై ప్రజల నమ్మకం పోతుంది గనుక లీగు అంత కఠినంగా ఉండడం సమంజసమేనని ఆయన అభిప్రాయం. తరువాత మోలినాస్ కళాశాల ఆటగాళ్ళకు లంచాలిచ్చి ఆటలు చెడగొట్టిన కేసులో జైలుకు కూడా పోయాడు. అక్కడ ఆటగాడు ఓడాడు, ఇక్కడ గెలిచాడు. కానీ రెండు చోట్లా కోర్టు తూచినది ఒక్కటే, సంఘం వేసిన శిక్ష నిలుస్తుందా లేదా అన్నది. ఆటగాడు మంచివాడా చెడ్డవాడా అన్నది కోర్టు పని కాదు. అభిమాని అడిగేది మాత్రం ఆ ఒక్క ప్రశ్ననే.

2012 తీర్పు రాగానే "అజహర్ నిర్దోషి" అని కొందరు పండుగ చేసుకున్నారు. "సాక్ష్యం లేక బయటపడ్డాడు" అని మరికొందరు పెదవి విరిచారు. నా మట్టుకు నాకు ఇద్దరూ తొందరపడ్డారనే అనిపించింది. బోర్డు శిక్ష చెల్లదన్నది స్థిరపడింది. అంతకు మించి కాన్పూరు గదిలో ఏమి జరిగిందన్నది సాక్షులను అడ్డప్రశ్నలు వేసి తేల్చే విచారణ ఎన్నడూ జరగలేదు. ఆరోపించిన క్రోనే 2002లోనే విమాన ప్రమాదంలో మరణించాడు. సాక్ష్యం ఎక్కడ ఆగిందో మన మాట కూడా అక్కడ ఆగాలి. అభిమానికి అన్నిటికన్నా కష్టమైన పని అది.

నిజానికి జనం హైకోర్టు తీర్పు కోసం ఎదురుచూడనే లేదు. 2009లో, నిషేధం ఇంకా అమలులో ఉండగానే, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ఓటర్లు అజహర్‌ను లోక్‌సభకు పంపారు. 2019లో హైదరాబాదు క్రికెట్ సంఘం అధ్యక్షుడయ్యాడు. 2025 అక్టోబరు 31న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశాడు. పూలదండలు వేసినవారిలో ఎందరు ఒకప్పుడు బొమ్మలు చింపినవారో లెక్క తీయలేము. ఇది క్షమాపణ అని నేను అనుకోను. క్షమించాలంటే ముందు నేరం జరిగిందని నమ్మాలి. నిర్దోషిత్వాన్ని గుర్తించడమూ కాదు. దానికి తీర్పు చదివే ఓపిక కావాలి. ఇది మరపు. చింపినప్పుడు ఋజువు అడగలేదు, దండ వేసినప్పుడూ అడగలేదు.

హైకోర్టు తీర్పు వచ్చిన వారంలో నేను సెలవుకు ఊరికి వెళ్ళి, ఆ అంగడికి పోయాను. ఆయన అద్దాలు పెట్టుకుని బొత్తాలు కుడుతున్నారు. గోడ మీద అజహర్ బొమ్మ ఉండిన చోట క్యాలెండరు ఉంది. అది 2000 డిసెంబరులోనే అక్కడికి వచ్చిందని నాకు తెలుసు. ఏటేటా మారుతూ వచ్చిందే గాని ఆ మేకు నుండి కదలలేదు. ఆ రోజుల్లో బొమ్మ ఎందుకు తీసేయలేదని అడిగాను.

"తీస్తే ఒప్పుకున్నట్టు అయితాది. ఉంచితే మొండికేసినట్టు అయితాది. అందుకే మీద క్యాలెండర్ తగిలిస్తి" అన్నారు.

పన్నెండేళ్ళు ఆ మనిషి ఎటూ చెప్పకుండా ఉండవలసి వచ్చింది. ఆ స్థితి ఆయనకు తెచ్చిపెట్టింది క్రోనే కాదు, బోర్డు కాదు, నా ఒక్క మాట. అజహర్‌కు అప్పీలు చేసుకోవడానికి హైకోర్టు ఉంది. అంగడిలో పడిన శిక్షకు అప్పీలు ఎక్కడ? నేను అన్న మాట గుర్తు చేసి, తప్పయిందని చెప్పాను. ఆయన దారం కొరికి, "టీ తాగుతావా?" అని అడిగారు. ఇద్దరం తాగాము. అజహర్ ఊసు మళ్ళీ రాలేదు.

ఆటగాళ్ళు కేసులలో చిక్కుకోవడం ఆగదు. రేపు మరొక పేరు వస్తుంది. అతడు దోషి అవునో కాదో తేల్చే పని నాది కాదు. కానీ ఆ ఉదయం నేను ఏ అంగడికి వెళ్ళి, ఎవరితో, 'మీవోడు' అంటానో, అనకుండా ఉంటానో, అది మాత్రం నా చేతిలో పనే.